వేడి ఎక్కడ ఆగిపోయింది?

పిల్లలూ! మన కర్నూలు, కడప సీమలో ఎండాకాలం ఎలా ఉంటుందో మీకు వేరే చెప్పనక్కరలేదు. ఏప్రిల్ వచ్చిందంటే చాలు, పదకొండు గంటలకే వీధులు బోసిపోతాయి. రాత్రి పది దాటినా మిద్దెలు సెగలు కక్కుతూనే ఉంటాయి. 40 డిగ్రీల ఎండ మనకు వింత కాదు. ఇటువంటి చోట ఎవరైనా వచ్చి, "మా బండిలో హీటరు నుంచి వేడిగాలి రావటం లేదు, ఏం చెయ్యాలి?" అని అడిగితే వినేవాళ్లు ఫక్కున నవ్వుతారు. "రాకపోతే పోనీలే అప్పా, ఉన్న వేడి చాలదా?" అంటారు.

కాని అది నవ్వి వదిలెయ్యవలసిన ప్రశ్న కాదు. పెట్రోలు, డీసెలు బండ్లలోని హీటరు తనంతట తాను వేడిని పుట్టించదు. ఇంజను దగ్గర మిగిలిపోయిన వేడిని తెచ్చి మనకు పంచుతుంది, అంతే. కనక హీటరు చల్లబడితే తప్పు హీటరుదే కానక్కరలేదు. ఇంజను దగ్గర ఏదో జరిగి ఉండవచ్చు. ఆ సంగతి మనకు చెప్పటానికి వచ్చిన వార్తాహరుడే ఆ చల్లగాలి. దాని మాట ఎలా అర్థం చేసుకోవాలో చూద్దాం.

ఒకే రోడ్డు, రెండు లోకాలు

కర్నూలు మీదుగా పోయే పెద్దరోడ్డును మీలో చాలామంది చూసే ఉంటారు. అది 44వ నంబరు జాతీయ రహదారి. మన దేశంలో అన్నిటికన్న పొడవైన రహదారి అదే. దాని ఒక కొస దక్షిణాన కన్యాకుమారిలో, రెండవ కొస ఉత్తరాన కాశ్మీరంలోని శ్రీనగరులో ఉన్నాయి. నడుమ 3,700 కిలోమీటర్లకు పైగా దూరం. కర్నూలులో తుంగభద్ర దాటి ఉత్తరానికి సాగిన లారీ హైదరాబాదు, నాగపూరు, ఝాన్సీ, ఆగ్రా, ఢిల్లీ, జమ్మూల మీదుగా ఈ రోడ్డు వెంటనే పోయి శ్రీనగరు చేరవచ్చు.

అటువంటి లారీ ఒకటి డిసెంబరు నెలలో బయలుదేరిందని ఊహించుకోండి. అందులో ఒక డ్రైవరు, ఒక క్లీనరు కుర్రవాడు ఉన్నారు. కర్నూలులో బయలుదేరినప్పుడు ఒంటిమీద చొక్కా చాలింది. జమ్మూ దాటి కొండలెక్కేసరికి కంబళ్లు కప్పుకోవలసి వచ్చింది. బనిహాల్ దగ్గర కొండను తొలిచి 2021లో తెరిచిన ఎనిమిదిన్నర కిలోమీటర్ల సొరంగం ఒకటి ఉంది. అక్కడ శీతకాలపు రాత్రులు చలి సున్న డిగ్రీలకు దిగువకు పోతుంది, నీళ్లు గడ్డకడతాయి.

డ్రైవరు హీటరు మీట తిప్పాడు. రయ్యిమని గాలి వచ్చింది, కాని చల్లగాలి! ఇద్దరి ఊపిరికీ ముందున్న అద్దమంతా మంచు పట్టినట్టు తెల్లగా మసకబారింది. క్లీనరు తువాలుతో తుడుస్తూనే ఉన్నాడు, అది మసకబారుతూనే ఉన్నది. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ. దారి కనపడదు. ఇప్పుడు చెప్పండి, హీటరు కేవలం సుఖం కోసమేనా? అక్కడ అది ప్రాణాలకు సంబంధించిన వస్తువు.

డ్రైవరు తెలివైనవాడు. బండిని వెడల్పుగా ఉన్నచోట పక్కకు తీసి ఆపి, కర్నూలులోని తన మెకానిక్కుకు ఫోను చేశాడు.

"మేస్త్రీ, హీటరు పెడితే చల్లగాలి వస్తాంది. అద్దంలో దారి కనపడ్డం లే. ఏం చెయ్యాల?"

"తొందరపడాకప్పా. మూడు మాటలు అడుగుతా, చూసి చెప్పు," అన్నాడు మేస్త్రీ.

రెండు వేల కిలోమీటర్లకు పైగా దూరంలో కూర్చున్న మనిషి, బండి ముట్టుకోకుండా మూడే మూడు ప్రశ్నలతో రోగం పట్టగలడా? పట్టగలడు. ఎందుకంటే, బండిలో వేడి నడిచే దారి ఆయనకు తెలుసు. ముందు ఆ దారి మనమూ తెలుసుకుందాం.

పొయ్యి ఒకటి, పనులు రెండు

ఇంజనులో పెట్రోలో, డీసెలో మండుతుంది. మండే వాయువుల వేడి రెండు వేల డిగ్రీల సెంటీగ్రేడు దాకా పోతుంది. అందులో సుమారు మూడోవంతు మాత్రమే చక్రాలు తిప్పటానికి పనికివస్తుంది. ఇంచుమించు మరొక మూడోవంతు పొగగొట్టం గుండా బయటికి పోతుంది. మిగిలినది ఇంజను గోడలకు పడుతుంది. ఆ వేడిని ఎప్పటికప్పుడు తీసివెయ్యకపోతే లోహపు భాగాలు ఉబ్బి, ఒకదానినొకటి పట్టుకుని, ఇంజను బిగుసుకుపోతుంది.

ఆ వేడిని మోసుకుపోయే కూలివాడే నీరు. నీటికి ఒక గొప్ప గుణం ఉంది. అదే బరువున్న ఇనుము కన్న తొమ్మిది రెట్ల వేడిని తీసుకుంటే గాని నీరు ఒక్క డిగ్రీ వేడెక్కదు. అంటే దాని బుట్ట చాలా పెద్దదన్నమాట! ఇంజను గోడలలోని కాలవల గుండా ఒక పంపు ఈ నీటిని తిప్పుతుంది. వేడెక్కిన నీరు బండి ముందరి రేడియేటరుకు వస్తుంది. అక్కడ సన్నని గొట్టాలలో పారుతూ, ఎదురుగాలికి వేడిని వదిలి, చల్లబడి మళ్లీ ఇంజనుకు పోతుంది.

ఈ ఏర్పాటు ఒక్క రోజులో రాలేదు. 1888 ఆగస్టులో జర్మనీలో బెర్తా బెంజ్ అనే ఆవిడ, తన భర్త కార్ల్ బెంజ్ చేసిన మోటారుబండిలో యూజెన్, రిచర్డ్ అనే ఇద్దరు కొడుకులను ఎక్కించుకుని, మాన్‌హైమ్ నుంచి ఫోర్ట్స్‌హైముకు, సుమారు 100 కిలోమీటర్లు ప్రయాణం చేసింది. మోటారుబండిలో అంత దూరం పోవటం లోకంలో అదే మొదలు. ఆ బండిలో ఇంజను చుట్టూ ఉన్న నీరు వేడికి ఆవిరై పోతూ ఉండేది. అందుచేత దారి పొడుగునా నీళ్లు దొరికిన చోటల్లా ఆగి పోసుకోవలసి వచ్చింది. తరవాత జర్మనీకే చెందిన విల్‌హెల్మ్ మేబాక్ తేనెపట్టులాంటి రేడియేటరును తయారుచేశాడు. 1901 నాటి మెర్సిడెస్ కారులో అమర్చిన ఆ రేడియేటరులో ఎనిమిది వేలకు పైగా చిన్న గొట్టాలున్నాయి. దానితో కొద్ది నీరే మళ్లీ మళ్లీ తిరుగుతూ ఇంజనును చల్లబరచసాగింది.

ఇక హీటరు సంగతి. అది మరేమీ కాదు, డ్రైవరు ఎదుట ఉండే పలక వెనక దాచిన ఇంకొక బుల్లి రేడియేటరు. ఇంజను దగ్గర నుంచి ఒక రబ్బరు గొట్టం దానికి వేడినీళ్లు తెస్తుంది. రెండవ గొట్టం ఆ నీళ్లను వెనక్కు తీసుకుపోతుంది. దాని మీదుగా ఒక పంకా గాలి ఊదుతుంది. మనం తిప్పే మీట ఒక చిన్న తలుపును కదుపుతుంది. గాలి ఆ బుల్లి రేడియేటరు గుండా పోవాలా, పక్కగా పోవాలా అన్నది ఆ తలుపు నిర్ణయిస్తుంది. నీళ్ల కాగు కింద మంట పెడితే స్నానానికి నీళ్లూ కాగుతాయి, చలికాలంలో పక్కన కూర్చున్న తాతగారికి వెచ్చగానూ ఉంటుంది గదా! ఇదీ అంతే. పొయ్యి ఒకటి, పనులు రెండు.

మైనపు కాపలాదారు

ఇంజను మరీ వేడెక్కకూడదు; అలాగని మరీ చల్లగానూ ఉండకూడదు. నీరు 80 నుంచి 95 డిగ్రీల నడుమ ఉంటే సాధారణంగా ఇంజనుకు సుఖం. చల్లగా ఉంటే ఇంధనం ఎక్కువ తింటుంది, భాగాలు త్వరగా అరుగుతాయి.

అందుకోసం ఇంజనుకూ రేడియేటరుకూ నడుమ ఒక కాపలాదారు ఉంటాడు. వాడి పేరు థర్మోస్టాట్. చూడటానికి అరచేతిలో ఇమిడే లోహపు బిళ్ల. దాని నడుమ ఒక చిన్న కుప్పెలో మైనం ఉంటుంది. ఇంజను చల్లగా ఉన్నంతసేపు మైనం గట్టిగా ఉంటుంది, రేడియేటరు దారి మూసి ఉంటుంది. నీరు ఇంజనులోనూ హీటరులోనూ మాత్రమే తిరిగి త్వరగా వేడెక్కుతుంది. వేడి 80 దాటి తగినంత కాగానే మైనం కరిగి ఉబ్బుతుంది, లోపలి కడ్డీని నెడుతుంది, తలుపు తెరుచుకుంటుంది. చల్లబడితే మైనం ముడుచుకుంటుంది, స్ప్రింగు తలుపును మళ్లీ మూస్తుంది. కరెంటు లేదు, తీగ లేదు. మైనం ముక్కే పెద్ద ఇంజనుకు కాపలా కాస్తుంది!

మూడు ప్రశ్నలు

ఇప్పుడు మళ్లీ లారీ దగ్గరికి పోదాం. మేస్త్రీ మొదటి ప్రశ్న వేశాడు.

"గాలి వస్తాందా, అసలు రాలేదా?"

గాలే రాకపోతే నేరం పంకాది. దానికి పోయే ఫ్యూజు కాలిపోయి ఉండవచ్చు, తీగ ఊడి ఉండవచ్చు, మోటారు పాడై ఉండవచ్చు. నీళ్లను అనుమానించనక్కరలేదు. కాని ఇక్కడ గాలి జోరుగానే వస్తున్నది. కనక పంకా నిర్దోషి.

"ఇంజను వేడి చూపించే ముల్లు ఎక్కడుంది?" ఇది రెండవ ప్రశ్న.

డ్రైవరు ఆలోచించి చెప్పాడు. "బండి నిలబెట్టి ఇంజను ఆడిస్తే మెల్లగా సగం దాకా వస్తాంది మేస్త్రీ. బండి కదిలి చలిగాలి తగిలితే మళ్లీ కిందికి పడిపోతాంది."

మేస్త్రీ ఒక్క క్షణం మాట్లాడలేదు. తరవాత, "సరే, మూడోది కూడా చూసి చెప్పు. బండి ఆపి ముల్లు పైకి వచ్చినాక ఇంజను బంద్ చెయ్. హీటరుకు పోయే గొట్టాలు రెండుంటాయి. గుడ్డ చుట్టిన చేత్తో మెల్లగా తాకు. వేడిగా ఉండాయా, చల్లగా ఉండాయా?" అన్నాడు.

ఈ మూడవ ప్రశ్నే అసలు కీలకం. దానికి మూడు జవాబులు రావచ్చు.

రెండు గొట్టాలూ వేడిగా ఉంటే, వేడినీరు హీటరు దాకా వచ్చి తిరిగి పోతున్నదన్నమాట. అంటే వేడి ఉంది, గాలి దాన్ని తాకటం లేదు. మీట దగ్గరి తలుపు ఇరుక్కుపోయి ఉంటుంది.

ఒకటి వేడిగా, రెండవది చల్లగా ఉంటే, నీరు హీటరులోకి రాగలుగుతున్నది గాని దాటి పోలేకపోతున్నది. లోపలి సన్నని గొట్టాలు మూసుకుపోయి ఉంటాయి.

రెండూ చల్లగా ఉంటే, వేడినీరు అసలు ఇక్కడి దాకా రావటమే లేదు. నీరు తగ్గి ఉండవచ్చు, నడుమ గాలిబుడగ అడ్డుపడి ఉండవచ్చు, పంపు సరిగా తిప్పకపోవచ్చు. కొన్ని బండ్లలో హీటరు నీళ్లకు ఒక కవాటం ఉంటుంది, అది తెరుచుకోకపోవచ్చు.

"బండి నిలబెట్టినప్పుడు రెండూ వేడిగానే ఉండాయి మేస్త్రీ. అప్పుడు గాలి కూడా కొంచెం వెచ్చగానే వచ్చింది," అన్నాడు డ్రైవరు.

ఇక మేస్త్రీకి సందేహం తీరిపోయింది. గొట్టాలు మంచివే, తలుపు మంచిదే, నీళ్లూ ఉన్నాయి. బండి నిలబడితే వేడెక్కుతుంది, నడిస్తే చల్లబడుతుంది. అంటే రేడియేటరు దారి ఎప్పుడూ తెరిచే ఉంది. కాపలాదారు కాపలా కాయటం లేదు.

"కాయటం లేదు గాదప్పా, కాపలావాడే లేడు. మొన్న మే నెలలో బండి హీటెక్కుతాందని థర్మోస్టాట్ పీకించినావు గదా, గుర్తుందా?"

ఎండదేశాలలో ఈ పని చాలామంది చేస్తారు. ఇంజను వేడెక్కితే థర్మోస్టాట్ తీసి పారేస్తారు. "ఇక నీళ్లకు అడ్డం లేదు, బండి చల్లగా ఉంటుంది" అనుకుంటారు. కర్నూలు ఎండలో ఆ లోటు కనపడలేదు. అదే రోడ్డు మీద కాశ్మీరం చేరేసరికి చల్లగాలై ఎదురువచ్చింది.

రేడియేటరు ముందు సగం దాకా అట్ట అడ్డం పెట్టి, ముల్లును కనిపెట్టి చూసుకుంటూ, నెమ్మదిగా దగ్గరి ఊరు చేరి, అక్కడ కొత్త థర్మోస్టాట్ వేయించుకోమని మేస్త్రీ చెప్పాడు. "తిరిగి వచ్చినాక రేడియేటరు తీసి కడగాల. అసలు రోగం అదే," అన్నాడు చివరగా.

బెలుం గుహలతో చుట్టరికం

అసలు రోగం రేడియేటరులో ఏముంది? ఇది తెలుసుకోవాలంటే మన సీమ నేలను చూడాలి.

కర్నూలు, కడప సీమలో నేల కింద సున్నపురాయి విస్తారంగా ఉంది. మీ ఇంటి గచ్చుకు పరిచిన బేతంచెర్ల బండ, వంటింటి అరుగు మీది కడప నల్లబండ సున్నపురాళ్లే. ఎర్రగుంట్ల, చిలమకూరు ప్రాంతాల సిమెంటు ఫ్యాక్టరీలు వెలసింది కూడా ఈ రాయి కోసమే. నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల దగ్గరి బెలుం గుహలను చూశారా? బ్రిటిషు భూగర్భ శాస్త్రజ్ఞుడు రాబర్ట్ బ్రూస్ ఫుట్ 1884లో వాటిని గురించి రాశాడు. మూడు కిలోమీటర్లకు పైగా పొడవున్న ఆ గుహలను నీరు సున్నపురాయిని కరిగించే తొలిచింది.

వాననీరు నేలలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకుని కొద్దిగా పులుపెక్కుతుంది. ఆ నీరు సున్నపురాయిని కొంచెం కొంచెంగా కరిగించి తనతో తీసుకుపోతుంది. గుహ కప్పు నుంచి బొట్టు వేలాడినప్పుడు ఆ వాయువు ఎగిరిపోతుంది. కరిగిన రాయి మళ్లీ గట్టిపడి అక్కడే ఉండిపోతుంది. వేల ఏళ్లు బొట్టు మీద బొట్టు చేరి రాతి ఊడలు దిగుతాయి.

ఆ నీరే మన బోరుబావులలోనూ ఉంది. దాన్ని కాచినా వాయువు ఎగిరిపోయి రాయి మిగులుతుంది. నీళ్లు కాచే గిన్నె లోపల తెల్లని పెచ్చు కడుతుందే, అదే ఇది! గుహలో వేల ఏళ్లు పట్టే పని వేడి గిన్నెలో కొద్ది నెలలలో జరుగుతుంది. బోరునీళ్లు పోసిన ఇంజనులోనూ ఇదే జరుగుతుంది. కాలవలలోనూ, రేడియేటరు, హీటరు సన్నని గొట్టాలలోనూ పెచ్చు కట్టి దారి ఇరుకైపోతుంది. పైగా ఆ పెచ్చు వేడిని సులభంగా దాటనివ్వదు.

ఇప్పుడు గొలుసు చూడండి. బోరునీళ్లు పోశారు, పెచ్చు కట్టింది. పెచ్చు కట్టినందున మే నెలలో ఇంజను వేడెక్కింది. వేడెక్కిందని థర్మోస్టాట్ పీకారు. పీకినందున డిసెంబరులో హీటరు చల్లబడింది. బనిహాల్‌లో కనపడిన రోగానికి వేరు కర్నూలులో ఉంది! హీటరును మాత్రమే తిట్టి, దాన్ని మార్చి ఉంటే డబ్బు పోయేది, రోగం ఉండేది.

ఇందుకే బండిలో పోయేది వట్టి నీరు కాకూడదు. బండి తయారుచేసినవారు చెప్పిన కూలెంటును, స్వచ్ఛమైన నీటితో వారు చెప్పిన పాళ్లలో కలిపి పొయ్యాలి. కూలెంటులో సామాన్యంగా ఇథిలిన్ గ్లైకాల్ అనే ద్రవం ఉంటుంది. సగానికి సగం కలిపితే సున్నకు 35 డిగ్రీల దిగువన కూడా నీరు గడ్డకట్టదు. 100 డిగ్రీలకు మరగదు. తుప్పు పట్టనివ్వని మందులు కూడా అందులో ఉంటాయి.

ఘాటు రోడ్డు మీద అదే వార్త

"మేము కాశ్మీరం పోము గదా, మాకెందుకు?" అంటారేమో. మీ దగ్గరికే వస్తున్నాను.

కడప నుంచి రాయచోటి పోయే దారిలో గువ్వలచెరువు ఘాటు ఉంది. అక్కడి పాలకోవా మీకు తెలిసే ఉంటుంది. నంద్యాల నుంచి గిద్దలూరుకు పోయినా, దోర్నాల నుంచి శ్రీశైలానికి పోయినా నల్లమల ఘాట్లు ఎక్కాలి. ఎండలో, బరువుతో, చిన్న గేరులో కొండ ఎక్కే బండికి ఇంజను వేడి ఎక్కువ, ఎదురుగాలి తక్కువ. నీళ్లు తగ్గి ఉన్న బండి బయటపడేది అక్కడే.

చాలా బండ్లలో హీటరు కొంచెం ఎత్తున ఉంటుంది. నీరు తగ్గితే ముందుగా ఎండేది ఎత్తున ఉన్నదే గదా! అందుచేత ఇంజను వేడి మీద ఉన్నా హీటరు చల్లగాలి వదిలిందంటే, నీళ్లు తక్కువై ఉండవచ్చునని అర్థం. నీరు మరీ అడుగంటితే వేడి చూపే ముల్లు కూడా మోసం చేస్తుంది. ముల్లుకు కబురు చెప్పే భాగం నీటిలో మునిగి ఉండాలి. చుట్టూ నీరు లేకపోతే అది తప్పు చెప్పవచ్చు. అప్పుడు నిజం చెప్పేది ఆ చల్లగాలే.

ఇందులో ఇంకొక తమాషా ఉంది. నీళ్లు సరిగా ఉన్న బండిలో ఘాటు మీద ముల్లు పైకి పోతుంటే, ఏసీ ఆపి, కిటికీలు దించి, హీటరు పూర్తిగా తిప్పితే ఇంజను కొంత తేరుకుంటుంది. బుల్లి రేడియేటరు పెద్ద రేడియేటరుకు చెయ్యి అందిస్తుందన్నమాట. ఎండలో చెమటలు కారినా ఫరవాలేదు, బండి ఆపే చోటు దొరికేదాకా ఇంజను నిలుస్తుంది.

చెయ్యకూడని పనులు

తల్లిదండ్రులు ఈ మాటలు పిల్లలతో కలిసి చదవాలి.

వేడిగా ఉన్న రేడియేటరు మూత తియ్యకూడదు. ప్రెషరు కుక్కరులో మాదిరిగా లోపల ఒత్తిడి ఉంటుంది; దానివల్ల నీరు 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటుంది. మూత తీసిన మరుక్షణం అది ఆవిరై ముఖం మీదికి చిమ్ముతుంది. ఘాటు మీద తొందరపడి ముఖం, చేతులు కాల్చుకునేది ఇలాగే. ఇంజను ఆపి, చేత్తో ముట్టుకోగలిగినంత చల్లబడేదాకా ఆగాలి. కాగిన ఇంజనులో చన్నీళ్లు గుమ్మరిస్తే లోహం చిట్లవచ్చు.

ఇంజను ఆపినా కొన్ని బండ్లలో రేడియేటరు పంకా తనంతట తానే తిరుగుతుంది. పిల్లలు బానెట్టు కింద చేతులు పెట్టకూడదు.

కూలెంటు విషం. అది తియ్యగా ఉంటుంది, అదే ప్రమాదం. కుక్కలు, పిల్లులు నాకి చచ్చిపోతాయి. నేల మీద ఒలికితే వెంటనే కడగాలి. తాగునీళ్ల సీసాలో ఎన్నడూ పోసి పెట్టకూడదు. హీటరు పెట్టగానే తియ్యని వాసన వచ్చి, అద్దం జిడ్డుగా మసకబారి, కాళ్ల దగ్గర తడి కనపడితే, లోపలి బుల్లి రేడియేటరు కారుతున్నదని తెలుసుకోవాలి.

హీటరు పనిచెయ్యలేదని మూసిన బండిలో కుంపటి గాని, గ్యాసు పొయ్యి గాని వెలిగించకూడదు. అక్కడ పుట్టే కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. నిద్రపోయినవాడు నిద్రలోనే పోతాడు. తలుపులు మూసిన షెడ్డులో ఇంజను ఆడించటం కూడా అంత ప్రమాదమే.

ఇంట్లో చేసి చూడండి

ఈ వ్యాసంలో చెప్పినవి నిజమో కాదో మీరే పరీక్షించవచ్చు.

మొదటిది, మైనం. పెద్దవాళ్ల చేత కొద్దిగా కొవ్వొత్తి మైనం చిన్న గిన్నెలో కరిగించి, మట్టం గుర్తు పెట్టి ఆరనివ్వమనండి. గట్టిపడినాక నడుమ గుంట పడుతుంది. కరిగిన మైనం ఎక్కువ చోటు ఆక్రమిస్తుందనటానికి అదే సాక్ష్యం. కాపలాదారు రహస్యం ఆ గుంటలో ఉంది.

రెండవది, గాలిబుడగ. ఇల్లు కట్టే మేస్త్రీలు మట్టం చూడటానికి నీళ్లు నింపిన సన్నని గొట్టం వాడతారు. పని మొదలుపెట్టేముందు అందులోని బుడగలన్నీ పోయేదాకా వదలరు. ఎందుకని వారినే అడగండి. బుడగ ఉంటే నీరు సరిగా కదలదు, మట్టం తప్పుతుంది. హీటరు గొట్టంలో చేరిన గాలి కూడా ఇలాగే వేడినీటికి అడ్డుపడుతుంది.

మూడవది, పెచ్చు. నీళ్లు కాచే పాత గిన్నెలోని తెల్లని పెచ్చు మీద నిమ్మరసం పిండండి. సన్నని బుడగలు లేస్తాయి. గుహలో, గిన్నెలో ఎగిరిపోయిన వాయువు ఉందే, ఆ వాయువే అది. వంటింటి నల్లబండ మీద నిమ్మరసం పడితే మచ్చ ఎందుకు పడుతుందో మీ అమ్మగారికి ఇప్పుడు మీరే చెప్పగలరు. అయితే బండి రేడియేటరులో నిమ్మకాయలు పిండబోకండి! దానికి మెకానిక్కు దగ్గర వేరే మందులున్నాయి.

మేస్త్రీ గొప్పతనం ఎక్కడుందో గమనించారా? ఆయన ఒక్క మరా విప్పలేదు. "వేడి ఎక్కడ పుట్టింది, ఎక్కడి దాకా వచ్చింది, ఎక్కడ ఆగింది?" అని దారి వెంట నడుస్తూ అడిగాడు. లెక్క తప్పినప్పుడు చివరి జవాబును తుడిచి మళ్లీ రాస్తే లాభం లేదు. ఏ మెట్టు దగ్గర తప్పామో వెతకాలి. చదువులోనైనా, యంత్రంలోనైనా పద్ధతి ఇదే.

ఇక మీకు రెండు ప్రశ్నలు. ఒక కారులో పంకా బాగా తిరుగుతున్నది, ముల్లు సరిగా సగంలో ఉన్నది, రెండు గొట్టాలూ వేడిగా ఉన్నాయి, కాని వచ్చే గాలి చల్లగా ఉన్నది. వేడి ఎక్కడ ఆగింది? ఇంకొక కారులో ముల్లు సగంలోనే ఉన్నది, ఒక గొట్టం కాలుతున్నది, రెండవది చల్లగా ఉన్నది. ఆ కారు యజమాని ఎప్పుడూ తన బోరునీళ్లే పోస్తాడు. అక్కడ వేడి ఎక్కడ ఆగింది? జవాబులు వెతికేముందు వేడి దారిని ఒక కాగితం మీద గీసుకోండి. ఆ బొమ్మే మీకు దారి చూపిస్తుంది.